మెండెల్ లెక్కించిన బఠాణి గింజలు

తాతగారి ముక్కు మనుమనికి వచ్చినదనియు, మేనత్త పోలికలు మేనకోడలికి దిగినవనియు, నడుమ తరమున ఎక్కడను కానరాని ఉంగరాల జుట్టు తరము విడిచి తరమున మరల తలయెత్తినదనియు మన యిండ్లలో పెద్దలు పురిటినాటి నుండియే చెప్పుకొనుచుందురు. ఈ మాటలలో లోకానుభవము మెండుగ కలదు. కాని అనుభవము వేరు, నియమము వేరు. తండ్రి నుండి కొంత, తల్లి నుండి కొంత బిడ్డకు సంక్రమించునని యెరుగనివారు ఏ దేశమునను ఏ కాలమునను లేరు. ఆ కొంత యెంత, అది యే రూపమున సంక్రమించును, ఒక తరమున మరుగుపడినది నశించినదా లేక దాగియున్నదా, దాగియున్నచో మరల వెలికివచ్చుటకు గల అవకాశమెంత అను ప్రశ్నలకు అంకెలతో సమాధానము చెప్పగలిగినవాడు మాత్రము పందొమ్మిదవ శతాబ్ది నడిమి వరకు లోకమున లేకుండెను.

అప్పటి విద్వాంసులలో పెక్కుమంది తలిదండ్రుల లక్షణములు బిడ్డయందు కలిసి, కరగి, నడిమి రూపమును పొందునని తలచుచుండిరి. ఈ మతము పైకి సమంజసముగనే తోచును. పొడుగరి తండ్రికిని పొట్టి తల్లికిని నడితరపు ఎత్తుగల బిడ్డ కలుగుట కన్నులయెదుట కనబడుచునే యున్నది. కాని ఇదియే నిజమైనచో ప్రతి తరమునను భేదములు సగము సగముగ క్షీణించి, కొన్ని తరములు గడచునప్పటికి ఒక జాతిలోని ప్రాణులన్నియు ఒక్క తీరుగ తయారు కావలసియుండెను. ఒకమారు కరగిపోయిన తాతపోలిక చెక్కుచెదరక మనుమనియందు వెలువడుటకు దారియే లేకపోయెడిది. 1859లో జీవజాతుల పుట్టుకను గూర్చి తన మహాగ్రంథమును ప్రకటించిన చార్లెస్ డార్విన్ సైతము ఈ చిక్కును విడదీయలేకపోయెను. ఆ గ్రంథము వెలువడునాటికే, ఆస్ట్రియా సామ్రాజ్యమునందలి బ్ర్యూన్ పట్టణమున, అనగా నేటి చెక్ దేశపు బ్రనో నగరమున, ఒక మఠపు తోటలో ఆ చిక్కును విడదీయగల బఠాణి మొక్కలు కాపుకాయుచుండెను.

ఆ మొక్కలను పెంచిన గ్రెగర్ మెండెల్ 1822లో సైలీషియా ప్రాంతపు కుగ్రామమొకదానిలో సేద్యము చేసికొని బ్రదుకు కుటుంబమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు యోహాన్. గ్రెగర్ అనునది 1843లో సెయింట్ థామస్ మఠమున చేరినప్పుడు స్వీకరించిన పేరు. చదువు సాగుటకు పైకము చాలని దినములలో చెల్లెలు తెరేసియా తన కట్నమునకై యుంచిన సొమ్ములో కొంత అన్నకు ఇచ్చినది. పిమ్మట ఆమె కుమారుల చదువునకు ఆయన తోడ్పడి ఆ ఋణమును తీర్చుకొనెను. 1850లో ఉపాధ్యాయ యోగ్యతాపరీక్షయందు ఆయన ఉత్తీర్ణుడు కాలేకపోగా, మఠాధిపతి నాప్ నిరుత్సాహపడక, ఆయనను వియన్నా విశ్వవిద్యాలయమునకు పంపెను. 1851 నుండి 1853 వరకు అచ్చట డాప్లర్ కడ భౌతికశాస్త్రమును, ఎటింగ్స్‌హౌసెన్ కడ గణితమును, ఉంగర్ కడ వృక్షశాస్త్రమును అభ్యసించిన ఈ సన్న్యాసి, మొక్కలను పెంచువాని ఓర్పును, లెక్కలు కట్టువాని చూపును ఒక్కచోట చేర్చుకొని మఠమునకు తిరిగి వచ్చెను. ఆయనకు ముందు మొక్కలను సంకరణము చేసినవారు చాలమంది కలరు. సంతానమును తరము వెంట తరముగ, లక్షణము వెంట లక్షణముగ విడదీసి లెక్కించినవారు అరుదు. మెండెల్ ఘనత యంతయు ఈ లెక్కించుటయందే కలదని నా నమ్మకము.

బఠాణిని ఎన్నుకొనుటయందును ఆయన వివేకము కనబడును. బఠాణి పువ్వున అడుగునున్న రెండు రేకులు అతుకుకొని ద్రోణివలె ఏర్పడి, పది కేసరములను, వాని నడుమ నున్న కీలమును మూసియుంచును. పువ్వు విచ్చుకొనక మునుపే ఆ మూతలోపల పరాగకోశములు పగిలి, పుప్పొడి అదే పువ్వు కీలాగ్రముపై రాలును; కావున పరుల పుప్పొడి దానంతటదిగా లోనికి చొచ్చుట మిక్కిలి అరుదు. సంకరణము చేయదలచినవాడు మొగ్గ ముదరకముందే ద్రోణిని మెల్లగ తెరచి, సన్నని పట్టకారుతో పది కేసరములను ఒక్కటొక్కటిగ పెరికివేసి, వేరొక మొక్కనుండి తెచ్చిన పుప్పొడిని కీలాగ్రమునకు అద్దవలెను. ఒక్క కేసరము మిగిలినను, ఒక్క పరాగకోశము చేతిలో చిట్లినను ఆనాటి శ్రమ వ్యర్థమే. మెండెల్ విత్తన వర్తకుల యొద్దనుండి 34 రకములను తెప్పించి, రెండేండ్లు సాగుచేసి, తరతరమునకు మారక నిలుచు 22 రకములను ఏరుకొనెను. గింజ ఆకారము, గింజ వర్ణము, పువ్వు వర్ణము, కాయ రూపము, కాయ వర్ణము, పూవులు పూచు చోటు, కాడ పొడవు అను ఏడు లక్షణములను మాత్రమే చూడదలచెను. 1856 నుండి 1863 వరకు, అనగా ఎనిమిదేండ్లు, ఈ పని నిర్విరామముగ సాగినది.

గుండ్రని గింజల రకమును ముడుతల గింజల రకముతో కలుపగా పుట్టిన మొదటి తరపు గింజలన్నియు గుండ్రనివే. నడిమి రూపము, అనగా కొద్దిపాటి ముడుత గల గింజ, లేదు. ముడుత యేమైనది? కరగి నశించినదనుటకు ఇదియే సాక్ష్యమని మరియొకడైనచో అచ్చట ఆగిపోయెడివాడు. మెండెల్ ఆగలేదు, ఆ సంకర గింజలను నాటి, పువ్వులను తమంతట తాము ఫలింపనిచ్చి, కాయలు ఎండిన పిమ్మట వలిచి చూచెను. ఒకే కాయలో గుండ్రని గింజల ప్రక్కనే ముడుతలుపడిన గింజలు కనబడెను, అవియును తాతతరమున నున్నట్లే, ఇసుమంతయు తగ్గని ముడుతలతో! ఆయన లెక్కించిన 7,324 గింజలలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. వర్ణము విషయమున 8,023 గింజలలో 6,022 పసుపుపచ్చనివి, 2,001 ఆకుపచ్చనివి. తక్కిన ఐదు లక్షణములయందును ఇదే తీరు: మూడు వంతులు ఒక లక్షణము, ఒక వంతు రెండవది.

మొదటి తరమున పైకి కనబడిన దానిని బహిర్గత లక్షణమనియు, మరుగుపడిన దానిని అంతర్గత లక్షణమనియు మన పాఠ్యగ్రంథములు చెప్పును. మెండెల్ ఊహించిన దేమనగా, ప్రతి మొక్కయందును ప్రతి లక్షణమునకును రెండేసి కారకములుండును. వీనినే నేడు జన్యువులనుచున్నాము. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి వచ్చినవి. అవి ఒకే దేహమున జీవితాంతము కలిసియున్నను ఒకదానితో నొకటి కలగలసిపోవు. పుప్పొడియో అండమో తయారగునప్పుడు విడిపడి, ఒక్కొక్క సంయోగబీజమున ఒక్కొక్కటియే ప్రవేశించును. ఇదియే పృథక్కరణ సూత్రము. ఈ ఊహ నిజమైనచో, రెండవ తరమున గుండ్రముగ నున్న గింజలన్నియు పైకి ఒక్కతీరుగ నున్నను లోపల రెండు రకములై యుండవలెను: మూడింట ఒక వంతు శుద్ధమైనవి, మూడింట రెండు వంతులు ముడుతను లోపల దాచుకొన్నవి. దీనిని పరీక్షించుటకై ఆయన గుండ్రని గింజల నుండి 565 మొక్కలను పెంచెను. వానిలో 193 మొక్కలు గుండ్రని గింజలనే కాచెను. 372 మొక్కలు రెండు రకములను మరల మూడింటికి ఒకటిగ కాచెను. పైకి కనబడు రూపమునకును లోపల దాగిన స్వభావమునకును గల భేదము లోకమునకు మొట్టమొదట అంకెలలో వెల్లడియైనది ఇచ్చటనే. ఈ 372 అను అంకెను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని నా కోరిక.

మూడింటికి ఒకటి అను నిష్పత్తి ఎచ్చటనుండి వచ్చినది? ఒక రూపాయి నాణెమును ఎగురవేసినచో బొమ్మ పడుటకును బొరుసు పడుటకును సమానావకాశము కలదు. రెండు నాణెములను ఒక్కసారి ఎగురవేసినచో రెండును బొరుసు పడుటకు గల అవకాశము సగములో సగము, అనగా నాల్గింట ఒకటి. తల్లి నాణెమొకటి, తండ్రి నాణెమొకటి. బొమ్మ గుండ్రని గింజకును, బొరుసు ముడుతకును గుర్తు. రెండును బొరుసైననే గాని ముడుత పైకి రాదు. ఒక్క బొమ్మ పడినను గింజ గుండ్రమే. సంభావ్యతాగణితమున విడివిడి సంఘటనలు రెండును కలిసి జరుగు అవకాశమును తెలిసికొనుటకు వాని అవకాశములను హెచ్చవేయవలెనను నియమము మెండెల్‌కు పూర్వమే గణితజ్ఞులకు తెలిసినదే. ప్రాణి పుట్టుకకు ఆ నియమము వర్తించునని చూపినవాడు మెండెల్.

ఇచ్చట సామాన్య పాఠకులు తరచుగ పొరబడు చోటొకటి కలదు. కావున కొంచెము నిలిచి చూతము. మూడింటికి ఒకటి యనగా ప్రతి నాలుగు గింజలలోను మూడు గుండ్రనివి, ఒకటి ముడుతది యని యర్థము కాదు. మెండెల్ తన వ్యాసమున ఒక్కొక్క మొక్క కాపును విడిగ చూపెను: ఒక మొక్కకు గుండ్రనివి 45, ముడుతలవి 12, మరియొక దానికి 19, 10, వేరొకదానికి 88, 24. అంతటితో నిలువక మిక్కిలి విపరీతముగ నున్న కాపులను సైతము ఆయన దాచక ప్రకటించెను. ఒక మొక్కపై 43 గుండ్రని గింజలకు ముడుతలవి రెండే. మరియొక మొక్కపై గుండ్రనివి 14, ముడుతలవి 15! వర్ణము విషయమునను ఒకచోట 32 పసుపు గింజలకు ఒక్కటియే ఆకుపచ్చనిది, వేరొకచోట 20 పసుపువానికి 19 ఆకుపచ్చనివి. ఈ మొక్కలను మాత్రమే చూచినవాడు ఇందు నియమమే లేదనును. 253 మొక్కల గింజలను ఒక్క రాశిగ పోసి చూచినప్పుడు, హెచ్చులు తగ్గులు ఒకదాని నొకటి సరిచేసికొని, 2.96కు ఒకటి అను నిష్పత్తి నిలిచినది. యాదృచ్ఛికత యనగా అరాచకము కాదు. అది ఒక్కొక్కదాని విషయమున ఏమియు చెప్పనీయదు, వేలకొలది వాని విషయమున మిక్కిలి నిక్కచ్చిగ చెప్పనిచ్చును. ఏ గింజ ముడుతపడునో మెండెల్ చెప్పలేడు, నేటి శాస్త్రజ్ఞుడు కాయ విప్పకమున్ను కంటితో చూచి చెప్పలేడు. ఏడువేల గింజలలో ముడుతలవి ఇంచుమించు ఎన్నియో తోట నాటకముందే చెప్పవచ్చును.

ఇదే గణితము తరువాతికాలమున మెండెల్ లెక్కలనే ప్రశ్నించినది. 1936లో ఆంగ్ల గణాంకశాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ ఆ అంకెలను పరిశీలించి, అవి సిద్ధాంతమునకు ఉండదగిన దానికంటె ఎక్కువ దగ్గరగ నున్నవని వ్రాసెను. ఆయన చూపిన ఒక సంగతి సూక్ష్మమైనది. పువ్వు వర్ణము, కాడ పొడవు మున్నగు లక్షణములయందు ఒక మొక్క శుద్ధమైనదో కాదో తెలిసికొనుటకు మెండెల్ దాని గింజలను పదేసి నాటి చూచెను. పదింటిలో ఒక్కటియైనను అంతర్గత లక్షణమును చూపినచో తల్లిమొక్క సంకరమని నిర్ణయించెను. కాని సంకరమైన మొక్కయైనను పది గింజలలో ఒక్కటియైనను అట్లు చూపక తప్పించుకొను అవకాశము, నాల్గింట మూడును పదిమార్లు హెచ్చవేయగా, నూటికి దాదాపు 5.6 కలదు. అట్టి సంకరములు శుద్ధమైనవానిలో పొరపాటున చేరిపోవలెను. ఆ లెక్కచొప్పున 600 మొక్కలలో శుద్ధమైనవిగ కనబడవలసినవి 222 లేక 223. మెండెల్ ప్రకటించినవి 201, అనగా శుద్ధమైన మూడింట ఒకటికి మిక్కిలి సమీపము. ఎదురుచూచుచున్న ఫలితమును బాగుగ నెరిగిన సహాయకుడెవడైన లెక్కలను ఆ వైపునకు మొగ్గించియుండునేమో యని ఫిషర్ ఊహించెను. పిమ్మట పండితులు ఈ విషయమున చాల వాదించుకొనిరి. మెండెల్ నిజాయతీని శంకించుటకు ఈ ఆధారము చాలదనియే నా అభిప్రాయము. ఒక్కొక్క మొక్కపై వచ్చిన విపరీతపు కాపులను తానే బయటపెట్టినవాడు అంకెలను దాచువాడు కాడు. ఆయన సూత్రము ఆయన లెక్కలమీదనే ఆధారపడియు లేదు. ఎందరో ఎన్నో దేశములలో ఎన్నో ప్రాణులయందు దానిని మరల మరల పరీక్షించి నిజమని కనుగొనిరి.

రెండు లక్షణములను ఒక్కసారి చూచినచో నేమగును? గుండ్రని పసుపు గింజల రకమును ముడుతల ఆకుపచ్చ గింజల రకముతో కలిపి, రెండవ తరమున 15 మొక్కలనుండి 556 గింజలను ఆయన లెక్కించెను: గుండ్రని పసుపువి 315, గుండ్రని ఆకుపచ్చవి 108, ముడుతల పసుపువి 101, ముడుతల ఆకుపచ్చవి 32. పదునారింట తొమ్మిది, మూడు, మూడు, ఒకటి. ముడుతపడు అవకాశము నాల్గింట ఒకటి, పసుపగు అవకాశము నాల్గింట మూడు. హెచ్చవేయగా పదునారింట మూడు. ఒక లక్షణపు కారకములు పంపకమగుటకును మరియొక లక్షణపు కారకములు పంపకమగుటకును సంబంధము లేదన్న ఈ స్వతంత్ర వ్యూహన సూత్రమునకు హద్దు కలదని, ఒకే క్రోమోజోముపై దగ్గర దగ్గరగ నున్న జన్యువులు జంటగ పోవుచుండునని మోర్గన్ మొదలగువారు ఈగలపై చేసిన పరిశోధనలవలన పిమ్మట తెలిసినది.

1865వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీనాడును, మార్చి 8వ తేదీనాడును బ్ర్యూన్ ప్రకృతిశాస్త్ర సంఘమున మెండెల్ తన వ్యాసమును చదివెను. మరుసటి యేడు అది ముద్రితమైనది. పట్టించుకొన్నవారు లేరు. 1868లో మఠాధిపతియై కార్యభారమున మునిగిన ఆ మహనీయుడు 1884లో కన్నుమూసెను. 1900లో హాలండు దేశమున డి వ్రీస్, జర్మనీలో కొరెన్స్ వేర్వేరుగ అవే నియమములను చేరుకొని, అవి ముప్పదినాలుగేండ్ల క్రిందటనే అచ్చులో నుండుట చూచి ఆశ్చర్యపడిరి. ముడుత యేల కలుగునను ప్రశ్నకు సమాధానము మాత్రము 1990 వరకు తెలియలేదు: ఆ జన్యువునందు పరాయి భాగమొకటి చొరబడి, పిండిపదార్థమును శాఖలుగ అల్లు ఎంజైమును పనిచేయనీయకుండుటచే గింజలో పంచదార హెచ్చి, అది నీటిని ఎక్కువగ పీల్చుకొని, ఎండునప్పుడు ఆ నీరు పోగా పొట్టు ముడుచుకొనును. జన్యువుల జంటలో పనిచేయునది ఒక్కటి యున్నను చాలును. అందువలననే గుండ్రము పైకి వచ్చినది, ముడుత దాగినది. అన్ని లక్షణములును ఇట్లే నడచునని మాత్రము తలపరాదు. మన పెరళ్లలో సాయంవేళ పూచు చంద్రకాంతయందు ఎరుపును తెలుపును కలిపినచో మొదటి తరమున గులాబివన్నె పూవులు పూచును; కాని రెండవ తరమున ఎరుపు ఒకటి, గులాబి రెండు, తెలుపు ఒకటిగ విడిపోవుటవలన అచ్చటను కారకములు కరగలేదని స్పష్టమగుచున్నది. మనుష్యుల ఎత్తు, మేనిఛాయ వంటివి పెక్కు జన్యువులవలనను పెంపకమువలనను ఏర్పడునవి గనుక వానికి మూడింటికి ఒకటి యను సూటి లెక్క పనికిరాదు.

ఈ సూటి లెక్క పనికివచ్చుచోట అది ప్రాణముతో ముడివడియున్నది. బీటా తలసీమియా యను రక్తవ్యాధి మెండెల్ ముడుతవలెనే అంతర్గత లక్షణము. ఒక్క దోషజన్యువు గలవారిని వాహకులందురు. వారు ఆరోగ్యముగ నుందురు, ఉన్నచో స్వల్పమైన రక్తహీనత యుండును, దానిని ఇనుము లోపమని పొరబడుటయు కలదు. రెండును దోషజన్యువులైన బిడ్డకు మాత్రము పుట్టిన రెండేండ్లలోపుననే రక్తము తరగిపోవుటచే మూడు నాలుగు వారములకొకమారు రక్తమెక్కింపవలసివచ్చును, ఆ రక్తముతో చేరిన ఇనుమును తొలగించుటకు బ్రదికినన్నాళ్లు మందులు వాడవలసివచ్చును. తలిదండ్రులిద్దరును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు ఈ వ్యాధి వచ్చు అవకాశము నాల్గింట ఒకటి. "పెద్దవాడికి వచ్చింది గదా, ఇంక ముగ్గురి దాకా భయం లేదులెండి" అని బంధువులు ఓదార్పుగ చెప్పుమాట ఎంత ప్రేమతో చెప్పినదైనను ఎంత ప్రమాదకరమైనదో చెప్పలేను. నాణెమునకు జ్ఞాపకముండదు, మొన్న బొరుసు పడినదని నేడు బొమ్మ పడదు. నలుగురేసి బిడ్డలుగల ఇట్టి దంపతులు 256 జంటలున్నారనుకొన్నచో, సగటున 81 జంటలకు నలుగురు బిడ్డలును వ్యాధిలేనివారే. 108 జంటలకు ఒక్క బిడ్డ, 54 జంటలకు ఇద్దరు, 12 జంటలకు ముగ్గురు వ్యాధిగ్రస్తులు. ఒక్క జంటకు నలుగురును వ్యాధిగ్రస్తులే. నలుగురిలో సరిగ ఒక్కరికే వచ్చుట సగముకంటె తక్కువ జంటలయందే.

ఇంకొక పొరపాటు కలదు. వ్యాధిగ్రస్తుడైన తమ్ముడుగల అక్క, తాను ఆరోగ్యముగ నున్నది గనుక తనకు దోషము లేదని తలచును. మెండెల్ 565 మొక్కలలో 372 మొక్కలు ముడుతను దాచుకొన్నవని చెప్పితిని. ఈమె పరిస్థితియు అదియే. వ్యాధి లేనిదని తేలిన పిమ్మట ఆమె వాహకురాలగుటకు గల అవకాశము సగము కాదు, మూడింట రెండు. ఎముకమజ్జ మార్పిడిచే ఆ తమ్ముని రక్షింపవలెనన్నను అవకాశముల లెక్కయే అడ్డుపడును. తోబుట్టువు మజ్జ రోగికి పూర్తిగ సరిపడుటకు, ఆ సరిపోలికను నిర్ణయించు జన్యువులలో ఇరువురును తండ్రినుండి ఒకే వరుసను, తల్లినుండి ఒకే వరుసను పొందియుండవలెను. అది నాల్గింట ఒకటి. ఆ జన్యువులు ఆరవ క్రోమోజోముపైనను, తలసీమియా జన్యువు పదునొకండవ దానిపైనను ఉండుటచే రెండును స్వతంత్రములు. కావున మజ్జ సరిపడి వ్యాధియు లేని తోబుట్టువు పుట్టు అవకాశము నాల్గింట ఒకటిని నాల్గింట మూడుతో హెచ్చవేయగా పదునారింట మూడు. బ్ర్యూన్ తోటలో ముడుతల పసుపు గింజలకు వచ్చిన భిన్నమే ఇది.

మన తెలుగునాట ఈ లెక్కకు వేరొక ప్రాముఖ్యము కలదు. మేనరికములు, అక్క కూతురిని మేనమామ పెండ్లాడుట మనలో తరతరముల ఆచారము. జన్యుశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడిన పిమ్మట, ఆయన శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశమునందలి ఇట్టి వివాహములను పరిశీలించి 1963లో వ్యాసమును ప్రకటించెను. ఒక తాత వాహకుడనుకొందము. ఆయన కుమారుడు వాహకుడగు అవకాశము సగము. కుమార్తె విషయమును అంతే. ఆ కుమార్తె కూతురికి నాల్గవ భాగము. మేనమామయు మేనకోడలును ఇద్దరును ఆ దోషమును మోయు అవకాశము ఎనిమిదింట ఒకటి, బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము 32లో ఒకటి. అన్నచెల్లెండ్ర బిడ్డలు పెండ్లాడినచో అది 64లో ఒకటి. ఆ తాత మనుమడే, నూటికి ఒక వాహకుడుగల వర్గమునుండి పరాయి పిల్లను చేసికొన్నచో 1,600లో ఒకటి. ఏ దోషమును లేని కుటుంబమున మేనరికము ఈ వ్యాధిని క్రొత్తగ పుట్టింపదు. దాగియున్న దోషము దానితోడి దోషమును కలిసికొనుటకు దారిని దగ్గరచేయును. పొలము పుట్ర బయటికి పోకుండుటకు, పిల్ల కంటియెదుటనే యుండుటకు చేసికొను ఈ సంబంధములలోని ఆపేక్షను నేను తక్కువచేయను. ఆ ఆపేక్ష గలవారే పరీక్షయు చేయించుకొనవలెనందును.

వ్యాధిగ్రస్తుడైన బిడ్డ పుట్టినప్పుడు కోడలిని నిందించు ఇండ్లు నేటికిని లేకపోలేదు. ఈ వ్యాధికి రెండు దోషజన్యువులు కావలెను. అందొకటి తప్పక తండ్రివంశమునుండి వచ్చినది. వరుసగ ఆడుబిడ్డలనే కన్నదని తల్లిని ఆడిపోసికొనుట మరింత అన్యాయము: తల్లి అండములన్నిటను ఎక్స్ క్రోమోజోమే యుండును, ఆడో మగో నిర్ణయించునది తండ్రి వీర్యకణము. ముగ్గురాడుబిడ్డలైన తరువాత నాలుగవ కాన్పున మగబిడ్డ కలుగు అవకాశము మొదటి కాన్పున నున్నట్లే ఇంచుమించు సగము. "ఈసారి తప్పక మగపిల్లవాడే" అను ధీమాకు గణితమున చోటులేదు.

వాహకులను గుర్తించుటకు హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ యను రక్తపరీక్ష కలదు. చేతినరమునుండి తీసిన కొద్దిపాటి రక్తము చాలును, ఒక్కమారు చేయించుకొన్న చాలును. భార్యాభర్తలిద్దరును వాహకులని ముందే తెలిసినచో గర్భిణీదశ తొలినెలలలోనే శిశువు పరీక్ష చేయించుకొనుటకును, వైద్యుల సలహాతో నిర్ణయము తీసికొనుటకును వీలుండును. ఏజెన్సీ ప్రాంతముల ఆదివాసులలో కనబడు సికిల్ సెల్ వ్యాధికిని ఇదే నియమము, ఇదే పరీక్ష వర్తించును. పెండ్లిసంబంధము కుదుర్చుకొను తలిదండ్రులారా, జాతకములు చూపించిననాడే వధూవరులిద్దరి రక్తమును కూడ ఈ పరీక్షకు పంపుడు. మేనరికమైనచో మరువక పంపుడు.